ఇంటిపన్ను: లెక్క అడిగినవారి చరిత్ర

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో సొంత ఇల్లున్న ప్రతివారి బీరువాలోనూ ఒక పాత కవరు ఉంటుంది. అందులో దస్తావేజు నకలు, కరెంటు మీటరు కాగితం, నల్లా కనెక్షను రసీదు, వాటి నడుమ ఏటేటా కట్టిన ఇంటిపన్ను రసీదులు ఉంటాయి. దస్తావేజును అక్షరం వదలకుండా చదివినవారు చాలామంది ఉంటారు. పన్ను కాగితాన్ని చివరి అంకె దాటి చదివినవారు అరుదు. ఎంత అని అడుగుతాం. కట్టగలిగితే కడతాం, లేకుంటే గొణుగుతాం. ఏ లెక్కన అని మాత్రం అడగం. అయితే ఇంటిపన్ను మీద మన తెలుగునాట జరిగిన వివాదాలను వరుసగా పరిశీలిస్తే, వాటిలో లోతైనవి ‘ఎంత’ అన్నచోట ఆగలేదని తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న చరిత్ర.

ముందుగా ఒక విచిత్రం చెప్పుకోవాలి. మీ ఇంట్లో మీరే ఉంటున్నారు. ఎవరికీ అద్దెకివ్వలేదు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. అయినా మీ పన్ను ‘వార్షిక అద్దె విలువ’ అనే దాని మీద లెక్కకడతారు. రాని అద్దెకు విలువ ఎక్కడిది? చట్టం దృష్టిలో ప్రతి ఇంట్లోనూ ఒక కనబడని కిరాయిదారు కాపురముంటాడు. మీరు హాల్లో కూర్చుని పేపరు చదువుకుంటున్న కుర్చీలోనే అతడూ కూర్చుని ఉంటాడు. అతడు నెలనెలా మీకు ఇచ్చే ఊహాద్రవ్యంలో సర్కారు తన వంతు అడుగుతుంది. ఈ ఊహాకిరాయిదారు ఎవరు, ఎక్కడ పుట్టాడు, మూసీ దాటి మన వాడలకెలా చేరాడు అన్నది తెలిస్తే, పన్ను మీద అప్పీలు అంటే ఏమిటో కూడా తెలుస్తుంది.

మొహతర్ఫా నుంచి చీరాల దాకా

ఇంటి మీద పన్ను మనకు కొత్త కాదు. మదరాసు రాజధానిలో కుంపిణీ పాలన నాడు మొహతర్ఫా అనే పన్ను ఉండేది. నేతగాళ్ళు, కమ్మరులు, నూనె గానుగలవారు, అంగళ్ళవారు వంటి వృత్తులవారి నుంచి మగ్గం మీద, పనిముట్టు మీద, దుకాణం మీద, ఇంటి మీద దాన్ని వసూలు చేసేవారు. ఒక్కో జిల్లాలో ఒక్కో తీరు. ఒకే ఊళ్ళో ఇద్దరు నేతగాళ్ళ పన్ను ఎందుకు వేరువేరుగా ఉందో చెప్పగల సూత్రం ఏదీ లేదు. 1852లో మదరాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి తెలుగువాడు. ఆ సంఘం బ్రిటిషు పార్లమెంటుకు పంపిన అర్జీలో చెప్పుకున్న బాధల్లో మొహతర్ఫా ఒకటి. 1860ల మొదట్లో ఆ పన్ను రద్దయింది. సముద్రాలు దాటి అర్జీ పంపినా, లెక్క చూపమని అడిగే హక్కు మాత్రం ఇంటి యజమానికి అప్పటికింకా రాలేదు.

అంతకు పూర్వం కాశీలో జరిగినది ఇంకా గొప్ప ఘట్టం. 1810లో బెంగాలు ప్రభుత్వం నగరాల్లో ఇంటిపన్ను విధించింది. కాశీ ప్రజలు పనులు మానేశారు, అంగళ్ళు మూసేశారు, ఇళ్ళు వదిలి ఆరుబయట కూర్చున్నారు. ధర్నా అన్న మాటకు అచ్చమైన అర్థం అక్కడ కనిపిస్తుంది. చివరకు ఆ పన్నును ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. ఈ కథను పాత దస్త్రాల నుంచి వెలికితీసి 1971లో పుస్తకంగా అచ్చువేసినవారు ధరంపాల్.

కాశీ నుంచి నూటపదేళ్ళు ముందుకు వస్తే, మన చీరాల కనిపిస్తుంది. చీరాల, పేరాల, వాటి శివారు పల్లెలు కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. 1919లో ప్రభుత్వం వాటిని పురపాలక సంఘంగా మార్చింది. పన్ను ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగింది. ఊళ్ళో ఎక్కువమంది చేనేత మీదా చిన్న వ్యాపారాల మీదా బతికేవారు. పురపాలక సంఘం వల్ల తమకు కొత్తగా ఒరిగేదేమీ లేదని వారు అర్జీలు పెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది. పన్ను కట్టనందుకు కొందరు జైలుకు వెళ్ళారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉంది. స్థానిక స్వపరిపాలన శాఖ అప్పుడు పానగల్లు రాజా రామరాయణింగారి చేతిలో ఉండేది. ఆయనా తెలుగువారే. అయినా వినతులు మన్నన పొందలేదు.

1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సమావేశం ముగిశాక గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను నిరాకరించి కష్టాలకు ఓర్చుకోవడం, లేదా ఊరే విడిచిపోవడం అన్న మార్గాలు ఆయన మాటల్లో వచ్చాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోదాన్ని ఎంచుకున్నారు. పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మందికి పైగా పురపాలక సంఘం ఎల్ల దాటి, పాకలు వేసుకుని రామనగరం కట్టుకున్నారు. ఎండల్లో, వానల్లో, పదకొండు నెలలు. గోపాలకృష్ణయ్యను నిర్బంధించి ఏడాది శిక్షవేసి తిరుచిరాపల్లి జైలుకు పంపాక, ఉద్యమం అలసి, జనం ఇళ్ళకు మరలారు.

ఈ గాథను మనం స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఒక పేజీగా చదువుకుంటాం. నేను మరొక వైపు నుంచి చూస్తాను. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళడం అంటే ఇంటిపన్ను మీద మనిషి చేసుకోగల చిట్టచివరి అప్పీలు. దిగువన ఉన్న మెట్లన్నీ మూసుకుపోయినప్పుడే మనిషి ఆ మెట్టుకు ఎక్కుతాడు. ‘మా ఊరిని ఎందుకు మార్చారు, ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది’ అన్న ప్రశ్నకు ఒక కచేరీలో, ఒక బల్లకు అవతల కూర్చున్న అధికారి జవాబు చెప్పవలసిన ఏర్పాటే గట్టిగా ఉండి ఉంటే, రామనగరం అవసరం పడేదా అని ఆలోచన కలుగుతుంది.

కిరాయిదారు పుట్టుక

ఇప్పుడు మన ఊహాకిరాయిదారు సంగతి. అతని జన్మస్థలం ఇంగ్లండు. అక్కడ ఇళ్ళ మీది పన్నులకు రకరకాల కొలతలు ప్రయత్నించి చూశారు. 1696లో కిటికీల సంఖ్యను బట్టి పన్ను వేశారు. జనం కిటికీలకు ఇటుకలు పెట్టి మూసేశారు. గాలీ వెలుతురూ తగ్గాయి, పన్ను మాత్రం 1851 దాకా పోలేదు. పన్నుకు ఏ కొలత ఎంచుకుంటే ఇల్లు ఆ కొలతకు తగ్గట్టు వంగుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 1836లో వచ్చిన పారిష్ పన్నుల చట్టం వేరే కొలత నిర్ణయించింది. ఆ ఇంటిని ఏడాదికి అద్దెకిస్తే సహేతుకంగా ఎంత వస్తుందని ఆశించవచ్చో అదే దాని విలువ. ఇల్లు నిజంగా అద్దెకిచ్చారా లేదా అన్నది అనవసరం. ఆ వాక్యంతోనే ఊహాకిరాయిదారు పుట్టాడు.

ఆ వాక్యం ఓడెక్కి 1888 నాటి బొంబాయి పురపాలక చట్టంలో దిగింది. అక్కడి నుంచి 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టానికి వచ్చింది. అంతకుముందే మన నగరానికి పురపాలన చరిత్ర ఉంది. 1869లో మొదటి సాలార్‌జంగు కాలంలో నగరానికి పురపాలక వ్యవస్థ ఏర్పడింది. 1886లో చాదర్‌ఘాట్‌కు వేరే పురపాలక సంఘం వచ్చింది. 1933లో రెండూ కలిశాయి. 1960లో సికింద్రాబాదు కూడా కలిసింది. ఈ కలయికలన్నీ జరుగుతున్నప్పుడు ఉప్పల్ నగరానికి బయట ఉన్న పల్లె. ఉప్పల్ కలాన్ అనేవారు. కలాన్ అంటే పారశీకంలో పెద్దది. ఉప్పల్ భగాయత్ అన్న పేరులో తోటభూముల జ్ఞాపకం ఇంకా మిగిలే ఉంది.

పారిశ్రామిక వాడలు వచ్చాక ఆ పల్లెల రూపు మారిపోయింది. ఉప్పల్‌లో, నాచారంలో, మల్లాపురంలో ఫ్యాక్టరీలు వెలిశాయి. ఉప్పల్ రోడ్డున 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, 1977లో కణజీవశాస్త్ర కేంద్రం వచ్చాయి. హెచ్‌ఎంటీ నగర్ వంటి కాలనీలు పుట్టాయి. కింద యజమాని, మీద రెండు పోర్షన్లు, ముందు గదికి షట్టరు పెట్టి ఒక కిరాణా కొట్టు. ఇదీ మన ప్రాంతపు ఇంటి నమూనా. ఊహాకిరాయిదారూ నిజమైన కిరాయిదారూ ఒకే మెట్లెక్కి పోయే ఇల్లు ఇది. పన్ను తగాదాలన్నిటికీ ఇక్కడే బీజం ఉంది.

గుంటూరువారు గెలిచిన కేసు

ఊహాకిరాయిదారు ఎంత అద్దె ఇస్తాడు? ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయినవారిలో గుంటూరు ప్రజలున్నారు. గుంటూరు పురపాలక సంఘం ఇళ్ళ విలువలను నిర్ణయించిన పద్ధతి మీద అక్కడి పన్ను చెల్లింపుదారుల సంఘం న్యాయస్థానానికి వెళ్ళింది. వారి వాదన సూటిగా ఉంది. అద్దెల నియంత్రణ చట్టం ప్రకారం న్యాయమైన అద్దెకు మించి యజమాని పుచ్చుకోకూడదు. చట్టం పుచ్చుకోవద్దన్న అద్దెను, యజమాని పుచ్చుకోవచ్చునని ఊహించి దాని మీద పన్ను వేయడం ఏమి న్యాయం? న్యాయమైన అద్దెను అధికారి ఇంకా నిర్ణయించి ఉండకపోయినా, పన్ను వేసేవారు ఆ చట్టపు సూత్రాలను అనుసరించి లెక్కకట్టుకోవలసిందేనని వారన్నారు. 1970లో సుప్రీంకోర్టు గుంటూరువారి వాదనను ఒప్పుకుని, పురపాలక సంఘం అప్పీలును తోసిపుచ్చింది. తరువాతి కాలంలో దేశమంతటా ఇంటిపన్ను కేసుల్లో ఈ గుంటూరు తీర్పును ఉదహరిస్తూ వచ్చారు.

చీరాలకూ గుంటూరుకూ దూరం అట్టే లేదు. కాలంలో దూరం యాభై ఏళ్ళు. ఆ యాభై ఏళ్ళలో మారినదేమిటంటే, ఊరు విడిచిన జనం స్థానంలో వకీలు పెట్టుకున్న జనం వచ్చారు. పన్ను వద్దని గుంటూరువారు అనలేదు. కొలత తప్పన్నారు.

ఆ రోజుల్లోనే కొలతల గురించి సుప్రీంకోర్టు మరి కొన్ని సంగతులు తేల్చింది. అహమ్మదాబాదులో బట్టల మిల్లులన్నిటికీ నేల వైశాల్యాన్ని బట్టి ఒకే రేటు కట్టి పన్ను వేస్తే 1967లో అది చెల్లదంది. కేరళలో కేవలం వైశాల్యమే ఆధారంగా భవనాల మీద వేసిన పన్నును సమానత్వానికి విరుద్ధమని కొట్టివేసింది. నగరం నడిబొడ్డున ఉన్న మేడనూ పల్లెటూరి గోదామునూ ఒకే గజంతో కొలవకూడదన్నది సారాంశం. నాచారం వంటి ఫ్యాక్టరీల వాడకు ఈ తీర్పులు ఎంత దగ్గరివో వేరే చెప్పనక్కరలేదు.

అయితే గుంటూరు గెలుపుకు ఒక చీకటి వైపు కూడా ఉంది. నియంత్రిత అద్దెలు ఏళ్ళ తరబడి కదలవు. పురపాలక సంఘాల ఖర్చులు కదులుతూనే ఉంటాయి. పాత ఇంటికి పాత పన్ను, పక్కనే కొత్త ఇంటికి కొత్త పన్ను పడి, ఇరుగుపొరుగుల మధ్యే అన్యాయం పుట్టింది. అందుచేత ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టాలను సవరించింది. అద్దె విలువను అయిదు విషయాలను చూసి నిర్ణయించాలంది. ఇల్లున్న చోటు, కట్టడం తీరు, పునాది వైశాల్యం, ఇంటి వయసు, వాడకం. 1990లో ఇందుకు నిబంధనలు వచ్చాయి. ఊరిని మండలాలుగా విభజించి, ఒక్కో మండలంలో ఒక్కో రకం కట్టడానికి రేటు ముందుగా ప్రకటించి, అభ్యంతరాలు వినాలని అవి చెప్పాయి. 1999లో హైదరాబాదు నగరపాలక సంస్థ మరో అడుగు వేసి, యజమానే తన ఇంటి వివరాలు రాసి తన పన్ను తానే లెక్కకట్టుకునే పద్ధతి తెచ్చింది.

ఈ మార్పును చిన్నదిగా చూడకూడదు. అంతకుముందు అద్దె విలువ అంటే బిల్ కలెక్టరు గుమ్మంలో నిలబడి ఇంటిని ఎగాదిగా చూసి వేసిన అంచనా. ఇంటాయన మంచివాడైతే ఒకటి, తలబిరుసైతే మరొకటి. ఇప్పుడది టేపుతో కొలిచి, పట్టికలో చూసి, గుణించదగిన లెక్క. ఊహాకిరాయిదారు మొదటిసారిగా ఒక చిరునామా గల మనిషయ్యాడు.

ఉప్పల్ నగరంలో కలిసిన రోజు

2007 ఏప్రిల్ 16న హైదరాబాదు నగరపాలక సంస్థలో చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు విలీనమై గ్రేటర్ హైదరాబాదు ఏర్పడింది. ఆ పన్నెండింటిలో ఉప్పల్ కలాన్ ఒకటి, కాప్రా ఒకటి. ఆ రాత్రికి రాత్రి ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి గాని, వాటిని ఏలే చట్టం మారింది. అంతవరకు శివారు పురపాలక సంఘాలకు 1965 నాటి పురపాలక చట్టం వర్తించేది. ఆనాటి నుంచి 1955 నాటి నగర చట్టం వర్తించింది. అర్జీ ఎవరికి పెట్టాలి, అప్పీలు ఎక్కడ వినాలి అన్నవి కూడా దానితో మారాయి. తరువాతి విభజనలో నాచారం 6వ వార్డుగా కాప్రా సర్కిలులోనూ, ఉప్పల్ 10వ వార్డుగా ఉప్పల్ సర్కిలులోనూ పడ్డాయి. ఇరుగుపొరుగు వాడల దస్త్రాలు వేరువేరు కచేరీల్లోకి పోయాయి.

చీరాల గుర్తుకు రాక మానదు. అక్కడా ఊరి హోదా మారింది, ఇక్కడా మారింది. ఇక్కడ ఎవరూ పాకలు వేసుకుని ఎల్ల దాటలేదు. దానికి కారణం మనవారి ఓర్పు ఒక్కటే కాదు, లెక్క అడిగే మార్గం చట్టంలో ఉండటం కూడా. విలువలు నిర్ణయించిన పుస్తకాన్ని ప్రజలు చూడటానికి తెరిచి ఉంచాలని, ప్రకటన ఇవ్వాలని, పన్ను కొత్తగా వేసినా పెంచినా యజమానికి ప్రత్యేక నోటీసు ఇచ్చి ఫిర్యాదుకు గడువు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. ఫిర్యాదును కమిషనరు విని తేల్చాలి. అది నచ్చకపోతే 282వ సెక్షను కింద న్యాయమూర్తికి అప్పీలు చేసుకోవచ్చు. హైదరాబాదు నగరంలో ఆ న్యాయమూర్తి స్మాల్ కాజెస్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి. అయితే రెండు షరతులు. కమిషనరు దగ్గర ఫిర్యాదు చేయకుండా నేరుగా కోర్టుకు పోకూడదు. అడిగిన పన్ను ముందుగా జమకట్టాలి.

ఈ రెండో షరతు చాలామందికి కోపం తెప్పిస్తుంది. తప్పని చెబుతున్న పన్నునే ముందు కట్టమనడం ఏమిటంటారు. 1975లో గుజరాతు మిల్లుల కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి షరతును సమర్థించింది. అప్పీలు హక్కు చట్టం ఇచ్చినది కాబట్టి, దానికి షరతు పెట్టే అధికారమూ చట్టానికి ఉందన్నది. ఈ వాదన ధనవంతుడికి ఒక తీరుగా, పింఛను మీద బతికేవాడికి మరో తీరుగా వినిపిస్తుందని నా అభిప్రాయం. అయినా ఆచరణలో ఒక సంగతి మరవకూడదు. నగర చట్టం కింద బకాయి మీద వడ్డీ నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24. 2020 నుంచి కొన్నిసార్లు ఈ వడ్డీలో 90 శాతం మాఫీ పథకాలు వచ్చాయి గాని, రాబోయే మాఫీని నమ్ముకుని కూర్చోవడం అప్పీలు కాదు. కట్టి అడిగినవాడి ప్రశ్నకే బరువు.

లెక్క అడగడం అంటే ఏమిటి

గ్రేటర్ లెక్క ఇలా ఉండేది. ఇంటి పునాది వైశాల్యాన్ని చదరపు అడుగుకు నిర్ణయించిన నెల అద్దెతో గుణిస్తే నెల అద్దె విలువ. దాన్ని పన్నెండుతో గుణించి, మరమ్మతుల కింద పదోవంతు తీసేస్తే వార్షిక విలువ. నివాసపు ఇళ్ళకు నెల విలువ 50 రూపాయల లోపైతే పన్ను లేదు. 51 నుంచి 100 దాకా 17 శాతం, 200 దాకా 19, 300 దాకా 22, అది దాటితే 30 శాతం. ఈ శాతాల్లో 9 పారిశుద్ధ్యానికి, 3 వీధి దీపాలకు, 3 మురుగునీటి పారుదలకు, మిగిలినది సాధారణ పన్ను. ఈ విభజనను పౌరులు గుర్తుంచుకోవాలి. మీ వీధిలో దీపం వెలగకపోయినా, మురుగు పారకపోయినా, వాటి పేరు పెట్టి మీ దగ్గర వసూలు చేసిన సొమ్ము ఎంతో మీకు తెలుస్తుంది.

చివరన పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకం పడుతుంది. సాహిత్యాభిమానులకు ఇది తీపి కబురే కావాలి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంతో ఈ నగరంలో మొలకెత్తి, కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చేతుల్లో పెరిగిన గ్రంథాలయోద్యమానికి 1960 నాటి చట్టం చేసిన ఆర్థిక ఏర్పాటిది. మనమందరం తెలియకుండానే పుస్తకాలకు చందాదారులం.

ఊహకు ఒక ఇల్లు తీసుకుందాం. చదరపు అడుగుకు నెలకు ఒక రూపాయి, 800 అడుగుల స్లాబు ఇల్లు. ఏడాదికి 9,600. పదోవంతు పోగా 8,640. అందులో 30 శాతం 2,592. గ్రంథాలయ సుంకం కలిపితే సుమారు 2,799. బాల్కనీనో మెట్ల కింది అరనో పొరపాటున కలిపి 900 అడుగులని రాసుకుంటే 3,149. తేడా 350. చిన్న మొత్తమే, కాని ప్రతి ఏడూ తిరిగి వస్తుంది.

మెట్ల దగ్గర తేడా ఇంకా పెద్దది. నెల విలువ 300 అయితే 22 శాతం చొప్పున సుంకం కాక 713 రూపాయలు. 301 అయితే 30 శాతం చొప్పున 975. ఊహాకిరాయిదారు ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చిన పాపానికి నిజమైన యజమాని 262 రూపాయలు ఎక్కువ కట్టాలి.

2016 నగరపాలక ఎన్నికల ముందు ప్రభుత్వం, ఏడాదికి 1,200 రూపాయల దాకా పన్ను ఉన్న ఇళ్ళవారు 101 రూపాయలు కడితే చాలునంది. పేదలకు పెద్ద ఊరటే. కాని గీతకు అటు పక్కన ఉన్నవారి సంగతి ఆలోచించండి. పన్ను 1,240 పడిన రెండు గదుల ఇల్లు మొత్తం కట్టాలి. పైన చెప్పిన రేటున చదరపు అడుగుకు ఏడాదికి మూడున్నర రూపాయలు పడుతుంది. నలభై రూపాయలు తగ్గాలంటే పన్నెండు అడుగులు చాలు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. ఒక చిన్న స్నానాలగదిలో సగం. అంత జాగా లెక్కలో ఎక్కువ పడిందా లేదా అన్నది ఆ ఇంటివారికి పదకొండు వందల రూపాయల ప్రశ్న. టేపు తీసుకుని కొలిచేందుకు ఇంతకంటే కారణం కావాలా?

2020 నవంబరులో, మళ్ళీ ఎన్నికలకు కొద్ది వారాల ముందు, నగరంలో 15,000 రూపాయల దాకా పన్ను ఉన్న నివాసాలకు 2020–21 పన్నులో సగం తగ్గించారు. దీపావళి కానుక అన్నారు. కానుకను కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే కానుక ఇచ్చేవాడి ఇష్టం. లెక్క సరిచేయించుకోవడం పుచ్చుకునేవాడి హక్కు. కానుక ఒక ఏడుతో పోతుంది, సరిచేసిన కొలత పుస్తకంలో నిలుస్తుంది.

మరో వైపు కూడా చెప్పకపోతే వ్యాసం ఏకపక్షమవుతుంది. మన శివారుల్లో పన్ను తగ్గించమనేవారితో పాటు, తమ ఇంటికి పన్ను వేయండి మహాప్రభో అని తిరిగేవారూ ఉంటారు. అనుమతి లేని లేఅవుటులో జాగా కొన్న కుటుంబానికి ఇంటి నంబరూ, పన్ను రసీదూ తమ ఉనికికి రుజువులు. పన్ను కట్టినంత మాత్రాన యాజమాన్యం రాదని చట్టం చెబుతున్నా, ఆ రసీదును పసుపు కుంకుమల దగ్గర దాచుకునే ఇల్లాళ్ళున్నారు. మొహతర్ఫా నాడు జనం పన్ను పుస్తకంలో పేరు పడకూడదని కోరుకున్నారు. ఇప్పుడు పేరు పడాలని కోరుకుంటున్నారు. రెండు వందల ఏళ్ళలో పన్ను పుస్తకానికీ పౌరుడికీ మధ్య సంబంధం ఇంత తిరగబడింది.

ముందున్నది

పక్క రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి కొలత మళ్ళీ మారింది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అద్దె విలువను విడిచి, ఇంటి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతి తెచ్చారు. ఒక ఏడాదికి పెరుగుదల 15 శాతం మించకూడదని హద్దు పెట్టారు. చీరాల, గుంటూరు రెండూ ఇప్పుడు ఆ కొలత కిందే ఉన్నాయి. ఊహాకిరాయిదారు అక్కడ సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. అతని స్థానంలో ఊహాకొనుగోలుదారు వచ్చి కూర్చున్నాడు.

అటువంటి మార్పు మన వైపు వస్తే ఏమవుతుంది? 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడిచింది. 2019లో ఉప్పల్ భగాయత్ ప్లాట్లను హెచ్‌ఎండీఏ వేలం వేసింది. ఈ చుట్టుపట్ల భూమి ధర ఎలా ఎగబాకిందో అందరికీ తెలుసు. ఇల్లు అమ్మనివాడికి ఆ ధర కాగితం మీది అంకె. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, కట్టుకున్న రెండు గదుల్లో ఉంటున్నవాడికి ఇంటి విలువ పదింతలైనా పింఛను పదింతలు కాదు. అద్దె విలువకు ఉన్న గుణం, అది ఎంత ఊహ అయినా, ఇంటి వాడకానికి దగ్గరగా ఉండటం. మరోవైపు ఎన్నో ఏళ్ళుగా కదలని రేట్ల వల్ల కొత్తవారి మీద బరువు ఎక్కువ పడుతున్నదన్న వాదనలోనూ నిజముంది. చెరువులు మురికి కూపాలవుతుంటే, నాలాలు పొంగుతుంటే, పన్ను అసలే పెంచవద్దనడం కూడా బాధ్యతగల మాట కాదు. ఏ కొలత వచ్చినా, దాన్ని ముందుగా చెప్పాలి, అందరికీ ఒకటిగా ఉండాలి, అడిగినవారికి చూపాలి. చీరాల ప్రజలకు దక్కనివి, గుంటూరు ప్రజలు కోర్టుకెక్కి సాధించుకున్నవి ఈ మూడే.

అందుచేత ఈసారి పన్ను కాగితం వచ్చినప్పుడు అయిదు గడులు చూడమని చదువరులకు నా మనవి. ఏ మండలంలో వేశారు, స్లాబా, పెంకుటిల్లా, రేకులా, ఎన్ని అడుగులని రాశారు, ఏ ఏడు కట్టినదన్నారు, నివాసమా, దుకాణమా. షట్టరు మూసేసి మూడేళ్ళయినా కాగితంలో కొట్టు నడుస్తూనే ఉండవచ్చు. అదే రకం కట్టడం, అదే వీధి, అదే కొలత ఉన్న మరో ఇంటికి ఎంత పడిందో కూడా చూడండి. పక్కింటి లెక్క అడగడం అసూయ అని మన పెద్దలు నేర్పారు. ఇంటిపన్ను విషయంలో మాత్రం అది చట్టం ఇచ్చిన వాదన. తేడా కనబడితే నోటీసులోని గడువు దాటకముందే, కొలతల పటం జతచేసి అర్జీ ఇవ్వండి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర పడిన నకలును కూడా బీరువాలోని కవరులోనే, రసీదుల పక్కన పెట్టండి. మన తరువాత ఆ ఇంట్లో ఉండబోయేవారికి, లెక్క అడగవచ్చునన్న సంగతి దాని వల్ల తెలుస్తుంది.